చిన్న దొంతరకు ఒక్కటే కోర

చివరి ముక్క ఇంకా బోర్లానే ఉంది. పోయిన వారం మక్పాల్‌ను మనం వదిలిపెట్టి వచ్చింది అక్కడే.

కప్షగాయ్ జూదశాలలో వసంతకాలపు పోటీకి అది ఆఖరి రోజు. మధ్యాహ్నమయ్యేసరికి ఆఖరి బల్ల దగ్గర ఇద్దరే మిగిలారు. ఒకరు గుర్రాల వ్యాపారి కెంజెబెక్. అతని ముందు ఆట బిళ్ళలు కోటగోడలా లేచి ఉన్నాయి. రెండో మనిషి ఆల్మతీ నగరంలో కరెంటు తీగల కింద తిరిగే ట్రాలీబస్సు నడిపే మక్పాల్. ఆమె ముందున్న దొంతర గుప్పిట్లో పట్టేంత. పెద్ద దొంతరలవాళ్లు ఒకరినొకరు కుమ్ముకుని లేచి వెళ్లిపోతుంటే, ఆమె గడ్డిలో నక్కిన కుందేలులా చప్పుడు చేయకుండా ఇంతదూరం వచ్చింది.

ఆమె వచ్చింది బహుమతి కోసం కాదు. రెండేళ్ల కిందట ఇదే పోటీలో, ఇలాంటి చిన్న దొంతరతోనే ఆమె తమ్ముడు బెకసిల్ గెలిచాడు. ఆ సాయంత్రమే కారుతో సహా జూదశాల కిందున్న జలాశయంలో మునిగిపోయాడు. నిద్రమత్తులో నడిపాడన్నారు పోలీసులు. వాడికి బండి నడపడం నేర్పింది మక్పాలే. స్టీరింగు ముందు కూర్చుంటే వాడికి ఆవలింత కూడా రాదని ఆమెకు తెలుసు. ఆ రోజు వాడి ఎదురుగా కూర్చుని ఓడిపోయినవాడు ఈ కెంజెబెక్. అందుకే ఆమె అత్తింటి పేరుతో పోటీలో చేరింది. ఫలానావాడి అక్కనని ఎవరికీ చెప్పలేదు, ఆట నేర్పిన వదీమ్‌కు తప్ప. వదీమ్ బెకసిల్‌కు చిన్ననాటి స్నేహితుడు.

ఇప్పుడామె తన బిళ్ళలన్నీ ముందుకు తోసేసింది. చేతిలో ఒక రాజు, ఒక అయిదు. కెంజెబెక్ దగ్గర ఒక ఆసు, ఒక రాజు. ఇద్దరికీ చెందేలా బల్ల మీద పరిచిన నాలుగు ముక్కలూ ఎవరికీ కలిసిరాలేదు. ఉన్న ముక్కలతో కెంజెబెక్‌దే పైచేయి. రాబోయే ఐదో ముక్క అయిదు అయితేనే మక్పాల్‌కు ఆయుష్షు.

ముక్కలు పంచే అమ్మాయి పేరు జన్‌సాయా. పాతికేళ్లుంటాయేమో. పొద్దుటి నుంచీ ఆమె మక్పాల్ కళ్లలోకి ఒక్కసారి కూడా చూడలేదు. ఇప్పుడూ చూడకుండానే ఆఖరి ముక్క తిప్పింది.

డైమన్ అయిదు.

తాడు అవతల నిలబడ్డ జనం ఒక్కసారిగా కేక పెట్టారు. అందరికంటే పెద్ద గొంతు వదీమ్‌దే.

"మక్పాల్! కరెంటు పోయినా నీ ట్రాలీబస్సు పరిగెడుతూనే ఉందే!"

జనం నవ్వారు. మక్పాల్ నవ్వలేకపోయింది. పొద్దుటి నుంచి చావు తప్పి బయటపడటం ఆమెకిది మొదటిసారి కాదు. తొలిసారి బతికినప్పుడు సంతోషం వేసింది, రెండోసారి ఆశ్చర్యం. ఇప్పుడు మాత్రం భయం. ఎవరిదో చొక్కా పొరపాటున తొడుక్కున్నట్టుంది ఈ అదృష్టం. ఎప్పుడు ఎవరొచ్చి విప్పమంటారో తెలియదు.

కెంజెబెక్ మొహంలో కోపం లేదు. పోగొట్టుకున్న బిళ్ళలను తనే వరసగా పేర్చి, వేళ్లతో ఆమె వైపు నెట్టాడు. నెడుతూ కాస్త ముందుకు వంగి, ఆమెకు మాత్రమే వినబడేలా అన్నాడు.

"మీ తమ్ముడినీ ఆఖరి ముక్కే బతికించింది చెల్లీ."

మక్పాల్ చెయ్యి బిళ్ళల మీదే ఆగిపోయింది.

అంతలో పోటీని నడిపించే ఆట పెద్ద లేచి గంట కొట్టాడు. భోజన విరామం. జనం వంటశాల వైపు కదిలారు. మక్పాల్ తాడు అవతల వదీమ్ కోసం వెతికింది. ఇందాక అరిచిన చోట అతను లేడు. వాకిలి దగ్గరా లేడు.

*

ఆరుబయట వరండాలో గాలి బలంగా ఉంది. కింద జలాశయం బూడిదరంగులో అలలెత్తుతోంది. చుట్టాల్లా గుంపుకట్టిన బల్లలన్నీ వదిలేసి మక్పాల్ ఒక మూల కూర్చుంది. ఎదురుగా పళ్లెంలో నూనెలో వేయించిన పిండి ఉండలు, బౌర్సాకులు. ఒకటి తుంచింది కానీ నోట్లో పెట్టుకోలేదు.

కెంజెబెక్ వస్తాడని ఆమెకు తెలుసు. వచ్చాడు. టీ కూజా, రెండు గిన్నెలు తనే మోసుకొచ్చి, కాళ్లనొప్పులున్న ముసలివాడిలా మెల్లగా కూర్చున్నాడు.

"ఇక్కడ కూర్చోవచ్చా?"

"కూర్చున్నాక అడుగుతున్నారేం ఆగా?"

పెద్దవాడు కాబట్టి "ఆగా" అనక తప్పలేదు. ఆ మాట నోట్లో చేదుగా తగిలింది.

"బెకసిల్‌ది కూడా ఇదే నోరు," అన్నాడు కెంజెబెక్. "మాట ఇలా వెళ్తే అలా తిప్పికొట్టేవాడు."

"నేనెవరో మీకెవరు చెప్పారు?"

"వదీమ్."

అతను దాచలేదు, నసగలేదు. రొట్టె ధర చెప్పినంత మామూలుగా చెప్పాడు. రెండు చలికాలాలు మక్పాల్ వంటింట్లో కూర్చుని ముక్కలు పంచుతూ ఆట నేర్పినవాడు వదీమ్. బెకసిల్ సమాధి దగ్గర అందరికంటే ఎక్కువ ఏడ్చినవాడు.

"ఎప్పుడు చెప్పాడు?"

"నువ్వు పోటీలో పేరు ఇచ్చిన రోజే. వాణ్ణి తిట్టుకోకు. వాడికీ పెళ్లాం పిల్లలున్నారు. అడిగేవాళ్లు అడిగితే ఎవడైనా చెబుతాడు."

"ఎవరా అడిగేవాళ్లు?"

కెంజెబెక్ కూజా ఎత్తాడు. మొదట పాలు, తర్వాత టీ. తన గిన్నెలో సగానికే పోసుకున్నాడు. ఆమె గిన్నెలో మాత్రం పోస్తూనే ఉన్నాడు. టీ అంచుదాకా వచ్చింది. చుక్క కదిలితే ఒలికిపోయేంతదాకా పోసి ఆపాడు.

గౌరవించే అతిథికి సగం గిన్నె పోస్తారు, మళ్లీ మళ్లీ పోసే వీలుండాలని. నిండా పోశారంటే ఇక తాగి లేచి వెళ్లమని. మక్పాల్ ఆ గిన్నె వంకే చూసింది, తాకలేదు.

"నాకు వెళ్లాలని లేదు," అంది.

"అది నాకు తెలుసు. అందుకే నోటితోనూ చెబుదామని వచ్చాను."

"బెకసిల్‌ను చంపింది మీరేనా?"

పక్క బల్ల దగ్గర ఎవరో పకపకా నవ్వారు. కెంజెబెక్ ఆ నవ్వు ఆగేదాకా చూశాడు.

"నేను గుర్రాలు అమ్ముకునేవాణ్ణి చెల్లీ. ఆ రోజు సాయంత్రం వాడితో ఈ బల్ల దగ్గరే కూర్చుని టీ తాగాను. వాడికీ నిండు గిన్నే పోశాను. వాడూ లేవలేదు."

అతను తన గిన్నె నుంచి ఒక గుక్క తాగి, జలాశయం వైపు తిరిగి మాట్లాడసాగాడు.

"లోపల మనం ఆడే ఆట ఒకటి. బయట మన మీద ఆడే ఆట ఇంకోటి. ఎవరు గెలుస్తారని పందేలు కాస్తారు. అందరూ పెద్ద దొంతర మీదే కాస్తారు కదా? చిన్న దొంతర మీద కాసేవాడు పిచ్చివాడు. కానీ ఆ పిచ్చివాడే నిజమైతే వాడికొచ్చేది మామూలుగా ఉండదు. రెండేళ్ల కిందట అందరికంటే చిన్న దొంతర మీ తమ్ముడిది. వాణ్ణి ఎంచుకున్నారు."

"ఎంచుకోవడమంటే?"

"చచ్చిపోవలసిన ప్రతిసారీ వాణ్ణి బతికించారు. ముక్కలు పేర్చి."

"అబద్ధం."

"నేను వాడి ఎదురుగా కూర్చున్నాను. నన్ను ఓడిపొమ్మన్నారు. ఓడిపోయాను. వాడికేం తెలుసు పాపం? దేవుడు తన నెత్తిన చెయ్యి పెట్టాడనుకున్నాడు. గెలిచాక ఎలా ఎగిరాడనుకున్నావ్! మీ అమ్మకు ఫోన్ చేశాడు. నీకూ చేశాడు కదూ?"

చేశాడు. ఆ వేళకు మక్పాల్ ట్రాలీబస్సు నడుపుతోంది. ఫోన్ ఎత్తలేదు. ఆ సంగతి ఇతనికి చెప్పదలచుకోలేదు.

"తర్వాత?"

"తర్వాత ఎవడో తాగుబోతు వెధవ నోరు జారాడు. నీ అదృష్టం మేం పెట్టిన భిక్షరా అన్నాడు. అంతే, మీ తమ్ముడి మొహంలో వెలుగు ఆరిపోయింది. మర్నాడు పొద్దున బహుమతి ఇచ్చేటప్పుడు మైకు ఇస్తారు కదా, టీవీ వాళ్లు కూడా ఉంటారు. ఆ మైకులో అంతా చెప్పేసి, బహుమతి వాళ్ల మొహానే కొడతానన్నాడు. డబ్బుకు ఆశపడేవాడితో ఎవరికీ భయం లేదు. వద్దనేవాణ్ణి చూస్తేనే భయం."

అతను బౌర్సాకు ఒకటి తీసి రెండుగా చీల్చాడు. తినకుండా పళ్లెంలోనే పెట్టాడు.

"ఈ ఏడాది పందెం నా మీద కాశారు. పెద్ద దొంతర గెలవాలి. ఏ చిక్కూ లేని పని. నువ్వు పొద్దున్నే పోవలసినదానివి. పోవడం లేదు."

"అంటే ఈసారి నన్నెవరూ బతికించడం లేదు?"

"అదే కదా చెబుతున్నది. నీకు వస్తున్నది నిజం అదృష్టం. వాళ్లకది అలవాటు లేదు. ప్రతి ముక్కా ఎక్కడుందో తెలిసినవాళ్లకు తెలియని ముక్క ఒకటి పడితే నిద్రపట్టదు." అతని గొంతు ఇంకా మెత్తబడింది. "వచ్చే పంపకంలో ఓడిపో. రెండో బహుమతి తక్కువేం కాదు. ట్రాలీబస్సు ఎక్కి నీ దారిన నువ్వు పో. నువ్వు గెలిస్తే నీకూ మైకు ఇవ్వాలి. నీ చేతికి మైకు రానివ్వరు."

మక్పాల్ లేచింది. నిండు గిన్నె అలాగే ఉంది. గాలికి పైన మీగడ మడతలు పడుతోంది.

"చెల్లీ," అన్నాడు వెనక నుంచి. "నేను నిన్ను బెదిరించడం లేదు."

"మరి?"

"నాకు ఇంకో టీ గిన్నె గుర్తుండిపోవడం ఇష్టం లేదు."

*

మళ్లీ బల్ల ముందు కూర్చున్నాక మక్పాల్ తల నిండా ఒకటే ప్రశ్న. అతను చెప్పింది నిజమా, ఎత్తుగడా?

పోటీలో తప్పనిసరి పందేలు పెరుగుతూ పోతాయి. చిన్న దొంతరవాడు మంచి ముక్కల కోసం చేతులు కట్టుకు కూర్చుంటే కొవ్వొత్తిలా కరిగిపోతాడు. ఏదో ఒక క్షణాన ఉన్నదంతా తోసేసి, అదృష్టం ముందు మెడ వంచాలి. "చిన్న దొంతరకు ఒక్కటే కోర ఆపా," అనేవాడు బెకసిల్. ఆపా అంటే అక్క. వాడు ఆమెను పేరుపెట్టి ఏనాడూ పిలవలేదు. "అంతా తోసేస్తానని అవతలివాడు భయపడాలి. నువ్వే భయపడ్డావనుకో, కోర ఊడినట్టే. ఇక నిన్ను పిల్లి కూడా నాకి పోతుంది."

కెంజెబెక్ ఆమె కోర పీకడానికే వచ్చి ఉంటే? టీ గిన్నె, తమ్ముడి కథ, మెత్తటి గొంతు, అన్నీ ఆటలో భాగమే అయితే? ముప్పై ఏళ్లుగా కళ్లెం లేని గుర్రాలను లొంగదీసినవాడికి ఒక ఆడమనిషిని భయపెట్టడం ఎంతసేపు?

కానీ వదీమ్ తాడు అవతల లేడు. పొద్దుట అతను కూర్చున్న కుర్చీ మీద ఎవరిదో కోటు ఉంది.

జన్‌సాయా ముక్కలు కలిపింది. పొద్దుటి నుంచి నీళ్లలా జారిన ఆ చేతులు ఇప్పుడు ఒకచోట తడబడ్డాయి. ఒక ముక్క బల్ల మీద జారిపడింది. దాన్ని వెనక్కి పెట్టి, మొదటి నుంచి మళ్లీ కలిపింది. ఆట పెద్ద ఆమె వెనకే నిలబడి గమనిస్తున్నాడు.

ఇద్దరికీ చెరి రెండు ముక్కలు వచ్చాయి.

కెంజెబెక్ తన ముక్కలను తాకనైనా లేదు. మొహం దించకుండానే అరచేత్తో ఒక గోడను ముందుకు తోశాడు.

"చెల్లి దగ్గర ఉన్నదంతా."

జనం గుసగుసలాడారు. చూడకుండా అంత తోసేవాడు రెండు రకాలు. ఒకడు పిచ్చివాడు. రెండోవాడికి చూడవలసిన అవసరం లేదు.

మక్పాల్ తన ముక్కల అంచులు బొటనవేలితో పైకెత్తింది. ఆటీను రాణి. దాని వెనక ఇస్పేటు రాణి.

ఇద్దరు రాణులు! చిన్న దొంతరవాడు పొద్దుటి నుంచి సాయంత్రందాకా ఇలాంటి జత కోసమే ప్రార్థిస్తాడు. మరెప్పుడైనా అయితే ఆమె గుండె ఎగిరేది. ఇప్పుడు ఆ ఇద్దరు రాణులూ తననే చూసి జాలిపడుతున్నట్టు కనబడ్డారు. ఎలుకల బోనులో ఎండురొట్టె పెట్టరు. కమ్మటి వాసన వచ్చేదే పెడతారు. ఈ జతను చూసుకుని తను దూకాలనీ, అవతల రాజులో ఆసులో ఉండాలనీ ఎవరైనా పేర్చి ఉంటే?

తప్పుకుంటే ఇంకాసేపు బతకవచ్చు. తప్పుకుంటూ పోతే బెకసిల్ గురించి మైకు ముందు నిలబడే రోజు ఎప్పటికీ రాదు. ఓడితే ఇంటికి పోవచ్చు. ఓడమనే కదా కెంజెబెక్ చెప్పింది.

ఆమె జన్‌సాయా వైపు చూసింది. ఆ అమ్మాయి పై పెదవి మీద చెమట మెరుస్తోంది. పొద్దుటి నుంచి తప్పించుకు తిరిగిన కళ్లు ఇప్పుడు నేరుగా మక్పాల్ కళ్లలోకి చూస్తున్నాయి. ఆ చూపులో హెచ్చరిక లేదు. బతిమాలుతున్నట్టుంది. దేనికి?

"మేడం, మీ వంతు," అన్నాడు ఆట పెద్ద.

"తెలుసు," అంది మక్పాల్. "ఆడుతున్నాను."

ఆమె రాణులు తిప్పగానే జనం హోరెత్తారు. కెంజెబెక్ నింపాదిగా తన ముక్కలు తిప్పాడు. కళావరు ఆరు. డైమన్ మూడు. దేనికీ దేనితోనూ సంబంధం లేని చెత్త. అయినా అతని మొహం చలించలేదు. బల్ల మీద పడబోయేవి తనకేనన్న ధీమాతో కుర్చీలో వెనక్కి వాలాడు.

జన్‌సాయా మూడు ముక్కలు పరిచింది. ఆసు, పది, రెండు.

నాలుగోది, జాకీ.

కెంజెబెక్ వెనక్కి వాలినవాడు ముందుకు జరిగాడు.

ఆఖరిది, తొమ్మిది.

ఆరుకు ఆరు రాలేదు, మూడుకు మూడు రాలేదు. రాణులు గెలిచారు. తాడు తెగుతుందేమో అన్నట్టు జనం తోసుకొచ్చారు. మక్పాల్ ముందు ఇప్పుడు దొంతర కాదు, దొంతరలు లేచాయి. అతని కోటతో ఇంకా సమానం కాలేదు కానీ, గుప్పిట్లో పట్టేది మాత్రం కాదు.

కెంజెబెక్ ఆ గోలలో ఎవరినీ పట్టించుకోలేదు. జన్‌సాయానే చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కాలు విరిగిన గుర్రాన్ని చూసే చూపది. ఆ చూపు తర్వాత ఏం చేస్తారో మైదానంలో పెరిగిన ప్రతివాళ్లకూ తెలుసు.

బిళ్ళలను రెండు చేతులతో మక్పాల్ వైపు నెడుతూ ఆ అమ్మాయి తల వంచింది. పెదవులు కదలలేదు. మాట మాత్రం వచ్చింది.

"పేర్చమన్నారు ఆపా. పేర్చలేదు."

మక్పాల్ బిళ్ళలు అందుకుంటున్నట్టు ముందుకు వంగింది.

"మీ తమ్ముడు ఆడినప్పుడు పేర్చాను. ఆయన పోతారని తెలియదు. ఒట్టు, తెలియదు. ఇవాళ పొద్దుటి నుంచీ ఒక్కటి కూడా..."

ఆట పెద్ద చెయ్యి వచ్చి ఆమె భుజం మీద పడింది.

"నీ వంతు అయిపోయింది. లే."

"ఇంకా కాలేదు కదా సార్..."

"లేవమన్నాను."

జన్‌సాయా లేచి, రెండు అరచేతులూ పైకీ కిందికీ తిప్పి చూపించింది. పంచేవాళ్లు బల్ల వదిలేటప్పుడు చేతుల్లో ఏమీ దాచలేదని అలా చూపించాలి. ఆమె పక్క తలుపు వైపు వెళ్లింది. అక్కడ నల్లకోటు వేసుకున్న ఇద్దరు మనుషులు ఆమెకు చెరోవైపు నడిచారు.

ఆమె కుర్చీలో బట్టతల మనిషి ఒకడు వచ్చి కూర్చుని కొత్త పేక విప్పాడు. అతని చేతులు ఎక్కడా తడబడలేదు.

మక్పాల్ కిటికీ వైపు తిరిగింది. పెద్ద అద్దం అది. బయట కార్లు నిలిపే చోటంతా కనబడుతుంది. తెల్ల జీపు ఒకటి సరిగ్గా కిటికీకి ఎదురుగా ఉంది. జన్‌సాయాను తీసుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టారు. ఆమె ఒకసారి వెనక్కి తిరిగి జూదశాల వైపు చూసింది. నల్లకోట్లవాళ్లు జీపు ఎక్కలేదు. ఇంజను మొదలైంది కానీ బండి కదల్లేదు. వెనక తలుపు తెరిచే ఉంది.

బెకసిల్‌కు ఏం జరిగిందో పదిమందిలో చెప్పడానికి సిద్ధపడే మనిషి ఈ భూమ్మీద ఆ అమ్మాయి ఒక్కతే. ఆమె పోతే మైకు దొరికినా చెప్పడానికి ఏం మిగులుతుంది? పైగా పాతికేళ్ల పిల్ల. తనను ఓడించేందుకు ముక్కలు పేర్చనన్న పిల్ల.

కొత్తవాడు ముక్కలు పంచాడు.

"మేడం, మీ వంతు."

లేచి వెళ్లిపోతే కుర్చీ ఖాళీగా ఉన్నా పందేలు ఆగవు. ప్రతి పంపకానికీ ఆమె దొంతర నుంచి కోత పడుతూనే ఉంటుంది. ఇంత కష్టపడి పెంచుకున్నదంతా మంచులా కరిగిపోతుంది. కూర్చుంటే జీపు వెళ్లిపోతుంది.

మక్పాల్ ముక్కలు తాకలేదు. రెండు మోచేతులూ బల్ల మీద ఆన్చి, తన దొంతరలన్నీ ఒక్క ఊపున ముందుకు తోసేసింది. బిళ్ళలు గలగలా కూలి బల్లంతా పరుచుకున్నాయి.

"అంతా," అంది. లేచి నిలబడింది.

ఆట పెద్ద అడ్డొచ్చాడు. "మేడం, ఆట మధ్యలో లేచి వెళ్లకూడదు."

"అంతా పెట్టేశానయ్యా. ఇక నేను చేయవలసిందేముంది? నేనున్నా లేకపోయినా పడే ముక్క పడుతుంది."

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. జనం పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు.

"చెల్లీ!"

కెంజెబెక్ గొంతు. వరండాలో వినిపించిన మెత్తదనం అందులో లేదు. మక్పాల్ తిరిగి చూసింది. అతను సగం లేచి, బల్ల అంచు పట్టుకుని ఉన్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"కూర్చో. నీకు దణ్ణం పెడతాను, కూర్చో. బయటికి పోకు."

ఆహా, అనుకుంది ఆమె. పొద్దుటి నుంచి లేచి పొమ్మన్నవాడు ఇప్పుడు కూర్చోమంటున్నాడు. జీపు వెళ్లిపోయేదాకా కూర్చోబెట్టాలని! తల తిప్పుకుని నడిచింది. అద్దాల తలుపు తోసేటప్పుడు వెనక హాలంతా పెద్ద అరుపు లేచింది. ముక్కలు తిప్పినట్టున్నారు. అది ఎవరి గెలుపుకో, ఎవరి ఓటమికో ఆమె ఆగి వినలేదు.

గాలి మొహాన కొట్టింది. ఆమె పరిగెత్తింది. నల్లకోట్ల మనుషులు మెట్ల పక్కనే నిలబడి సిగరెట్లు కాలుస్తున్నారు. ఆమెను చూశారు. ఒక్కడూ అడ్డు రాలేదు. ఎందుకు రాలేదన్న ప్రశ్న ఆమెకు తట్టేలోపే కాళ్లు జీపు దగ్గరికి చేరిపోయాయి.

తెరిచిన తలుపులోంచి లోపలికి వంగి జన్‌సాయా మణికట్టు పట్టుకుంది.

"దిగు. నాతో రా. దిగమంటుంటే!"

ఆ అమ్మాయి కదల్లేదు. కదలలేకపోయింది. ఆమె రెండో చెయ్యి సీటుకు ప్లాస్టిక్ పట్టీతో కట్టేసి ఉంది. మక్పాల్ ఒక మోకాలు సీటు మీద ఆన్చి, లోపలికి దూరి ఆ పట్టీ లాగింది. గోళ్లతో పీకింది. పళ్లతో కొరుకుదామని ఇంకా లోపలికి జరిగింది.

వెనక తలుపు దభాలున మూసుకుంది. నాలుగు వైపులా గడియలు పడ్డ చప్పుడైంది. జీపు కుదుపుతో ముందుకు దూకి, ఆల్మతీ రోడ్డు వదిలేసి నీళ్ల వైపు మలుపు తిరిగింది. ముందు కూర్చున్నవాడు వెనక్కి తిరగలేదు.

జన్‌సాయా కళ్ల నుంచి నీళ్లు జారాయి.

"మీరెందుకెక్కారు ఆపా?" అంది ఏడుస్తూ. "వాళ్లకు కావలసింది నేను కాదు."